కృష్ణకు ఇటూ అటూ: బెజవాడ నుంచి కారులో మూడు రోజులు

బెజవాడ చుట్టుపక్కల పాత కట్టడాలు చూడాలనుకునేవాళ్లు కారు కంటే ముందు క్యాలెండరు చూసుకోవాలి. శుక్రవారం అమరావతి మ్యూజియానికి సెలవు. ఆ రోజే ఇంద్రకీలాద్రి కింద అమ్మవారి భక్తుల రద్దీ. ఆదివారం కొండపల్లి కోట దగ్గర కారు నిలుపుకోవడానికి చోటు వెతుక్కోవాలి. సోమవారం అమరేశ్వరుడి దగ్గర అభిషేకాల వరుస, అది కార్తీకమాసమైతే ఇక చెప్పక్కర్లేదు. ఇవన్నీ కొట్టేస్తే వరసగా మిగిలేవి మంగళ, బుధ, గురువారాలు. ఈ ప్రయాణం ఆ మూడు రోజులకు సరిపడా అమర్చింది. కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అయితే హాయి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం పదిన్నర దాటాక రాయి మీద కాలు మోపలేరు.

ఇక కారు. ఊళ్లో ట్రావెల్స్ వాళ్లు మామూలుగా చెప్పే లోకల్ ప్యాకేజీ 8 గంటలు, 80 కిలోమీటర్లు. మొదటి రోజు ఉండవల్లి, అమరావతి చూసి వచ్చేసరికి 90 కిలోమీటర్ల దాకా తిరుగుతుంది, టైము 10 గంటలు పడుతుంది. 80 కిలోమీటర్లకు మాట్లాడుకుంటే అదనపు కిలోమీటర్లు, అదనపు గంటలు రెండూ మీద పడతాయి కాబట్టి ముందే 10 గంటలు, 100 కిలోమీటర్లకు మాట్లాడుకోవడం నయం. మూడో రోజు 200 దాటుతుంది. దాన్ని అవుట్‌స్టేషన్ కింద కడతారు, అంటే తిరిగినా తిరగకపోయినా రోజుకు కనీసం 250 లేదా 300 కిలోమీటర్ల లెక్క. ఇంకో మెలిక ఉంది. మీటరు మీ గుమ్మం దగ్గర మొదలవుతుందా, షెడ్డు దగ్గరా? షెడ్డు గన్నవరంలో ఉంటే రానూ పోనూ 40 కిలోమీటర్లు మీరు ఎక్కకముందూ దిగాకా తిరిగినవే. డ్రైవరు బత్తా, టోలు, పార్కింగు ఎవరివో కూడా ఫోనులోనే తేల్చి, వాట్సాప్‌లో రాయించుకోవాలి. పసుపు నంబరు ప్లేటు ఉన్న బండే తీసుకోండి. తెల్ల ప్లేటు బండిని అద్దెకు తిప్పడం చట్టవిరుద్ధం, దారిలో ఏదైనా జరిగితే బీమా దగ్గర చిక్కొస్తుంది.

చాలామంది మరిచిపోయేది గైడు సీటు. నలుగురు కలిసి సెడాన్ మాట్లాడుకుంటారు, పొద్దున గైడు వచ్చి నిలబడితే కూర్చోబెట్టడానికి చోటుండదు. ముగ్గురైతే సెడాన్, నలుగురైతే ఎర్టిగా లాంటి మూడు వరుసల బండి. డ్రైవరే గైడు పని కూడా చేస్తాడని ట్రావెల్స్ వాళ్లు అంటే నమ్మకండి. అతను దారి చెప్పగలడు, పాపం, రాయి గురించి చెప్పమంటే ఎక్కణ్నుంచి తెస్తాడు? గైడును కుదుర్చుకునే ముందు పర్యాటక శాఖ గుర్తింపు కార్డు ఉందో లేదో అడగండి. ఫోనులోనే ఒక చిన్న ప్రశ్న వేయండి: "అమరావతి స్తూపానికి ఆయక స్తంభాలు ఎన్నండీ?" స్తూపం వేదిక మీద వరసగా నిలిపే స్తంభాలివి. నాలుగు దిక్కులా ఐదేసి, మొత్తం ఇరవై అని తడుముకోకుండా చెప్పినవారు పనికొస్తారు. డబ్బు పొదుపు చేసుకోవాలంటే రెండో రోజు గైడు అక్కర్లేదు. మొదటి రోజు, మూడో రోజు మాత్రం తప్పదు. ఆ రెండు రోజులూ చూసే చోట్లలో కంటికి కనిపించేది తక్కువ, తెలుసుకోవాల్సింది ఎక్కువ.

మొదటి రోజు, మంగళవారం: ఉండవల్లి, అమరావతి

ఉదయం 8.15కి బెంజి సర్కిల్ దాటితే చాలు. హైవే వారధి మీదుగా కాకుండా ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళ్లాలి. పెద్ద బండ్లను దాని మీదికి రానివ్వరు కాబట్టి ఆ వేళకు కారు సాఫీగానే సాగుతుంది. 1957లో ప్రారంభమైన ఈ బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70. దీనికి ముందు 1855 నాటి ఆనకట్ట ఉండేది. 2024 సెప్టెంబరు వరదలో 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దీని మీదుగా పోయింది. ఫొటో కోసం బ్యారేజీ మీద కారు ఆపమని డ్రైవరును వేధించకండి, ఫైను పడేది అతనికి. సీతానగరం వైపు దిగాక పక్కకు తీసి ఆపుకోవచ్చు.

ఉండవల్లి గుహలను పొద్దున్నే పెట్టుకోవడానికి కారణం ఉంది. గుహాలయం ముఖం తూర్పుకు. ఉదయపు ఎండ నేరుగా స్తంభాల మీద పడి లోపలి దాకా వెళ్తుంది. మధ్యాహ్నం తర్వాత వస్తే ముఖభాగమంతా నీడ, ఫొటోలో నల్లటి కన్నాలు తప్ప ఏమీ రావు. టికెట్టు భారతీయులకు 25 రూపాయలు, ఆన్‌లైన్‌లో తీసుకుంటే 20, పదిహేనేళ్లలోపు పిల్లలకు లేదు. గేటు దగ్గర కోడ్ స్కాన్ చేసి కొందామంటే సిగ్నలు దోబూచులాడుతుంది. రాత్రే ఇంట్లో కొనిపెట్టుకుని స్క్రీన్‌షాట్ దాచుకోండి.

నాలుగు అంతస్తులు, కొండను తొలిచినవి. అందరూ గబగబా మెట్లెక్కి పెద్ద విగ్రహం దగ్గరికి పరుగెడతారు. కింది అంతస్తు దగ్గర ఐదు నిమిషాలు ఆగండి. అక్కడ పని సగంలో ఆగిపోయింది. ఎక్కడ స్తంభం తేలాలో అక్కడ రాయిని వదిలి, చుట్టూ తీసేస్తూ వచ్చిన తీరు తెలిసేది ఇలాంటి చోటే. పూర్తయిన అంతస్తుల్లో నున్నదనం ఆ పని ఆనవాళ్లను కప్పేస్తుంది. రెండో అంతస్తులో వెనక గోడకు త్రిమూర్తుల కోసం తొలిచిన మూడు గదులు ఉన్నాయి. మూడో అంతస్తులో అనంతశయనుడు, ఐదు మీటర్లకు పైగా పొడవు, శేషుడి మీద పవళించి ఉంటాడు. ఇక్కడ పూజ ఉంది, చెప్పులు కిందే వదలాలి. ఎండ ముదిరితే బయటి రాతి మీద నడవడానికి మేజోళ్లు దగ్గర పెట్టుకోండి.

ఫోను లైటు ఎలా వేయాలో చాలామందికి తెలియదు. ఎదురుగా వేస్తే శిల్పం చదునుగా, పిండిముద్దలా కనిపిస్తుంది. ఒకరు పక్కకు జరిగి, గోడకు ఆనించినంత దగ్గరగా పెట్టి, అడ్డంగా వెలుతురు పారించాలి. అప్పుడు పడగల అంచులు, చుట్టూ ఉన్న చిన్న బొమ్మలు ఒక్కొక్కటే నీడలు చేసుకుని పైకి తేలతాయి. మూడో అంతస్తు ముందు ఆరుబయట కూర్చున్న ఋషుల విగ్రహాలు ఫొటోల్లో అందరూ చూసినవే. వాటి పక్కన కోతులుంటాయి, చేతిలో కవరు కనిపించకూడదు.

కాలం మాటకొస్తే గుహలను విష్ణుకుండిన రాజులకు ముడిపెట్టి క్రీ.శ. నాలుగు, ఐదో శతాబ్దాల నాటివంటారు. ఆరు, ఏడో శతాబ్దాల పనితనమనే పండితులూ ఉన్నారు. గైడు ఈ రెండూ చెబితే మంచి గైడు. ఇక్కడి నుంచి మంగళగిరికి సొరంగం ఉందన్న కథ ఎత్తుకుంటే మాత్రం వాచీ చూసుకోండి. 10.15కి కారు కదలాలి.

"అమరావతి" అని మ్యాపులో కొడితే రాజధాని ప్రాంతానికి, వెలగపూడి సచివాలయం వైపు తీసుకుపోయే ప్రమాదం ఉంది. డ్రైవరుకు చెప్పాల్సిన మాట: "బాబాయ్, అమరావతి గుడి. రాజధాని కాదు." రెంటికీ మధ్య చాలా దూరం. ఇప్పుడు గుడి ఉన్న అమరావతి పల్నాడు జిల్లాలోది, రాజధాని ఊళ్లేమో గుంటూరు జిల్లాలోవి. 2022లో జిల్లాలు విడిపోయాక వచ్చిన తికమక ఇది. తుళ్లూరు మీదుగా వెళ్లే దారిలో నిర్మాణాల టిప్పర్లు ఎక్కువ, కరకట్ట దారి ఇరుకు, పైగా కాన్వాయ్ వస్తే ఎక్కడికక్కడ నిలిపేస్తారు. గంట పడుతుందనుకుని, మరో పావుగంట చేతిలో ఉంచుకోండి. వానాకాలంలో పెదమద్దూరు దగ్గర వాగు పొంగి రోడ్డు మీదికి వస్తే ఆ దారే మూసేస్తారు. అప్పుడు గుంటూరు మీదుగా చుట్టి రావడమే, దూరం దాదాపు రెట్టింపు.

అమరావతి చేరగానే ముందు గుడి. మధ్యాహ్నం తలుపులు మూసేస్తారు, సాయంత్రం దాకా తియ్యరు. పంచారామాల్లో ఇది అమరారామం. లింగం చాలా ఎత్తు, అభిషేకం పై అంతస్తు నుంచి చేస్తారు. గుడిలోనే గైడును అడగాల్సిన సంగతి ఒకటి ఉంది. ఇక్కడి స్తంభం మీద 1182 నాటి, కోట వంశపు కేతరాజు శాసనంలో బుద్ధుడి ఎత్తైన చైత్యం ప్రస్తావన కనిపిస్తుంది. శివాలయపు స్తంభం మీద బుద్ధుడి మాట! మీరు సాయంత్రం చూడబోయే స్తూపం పన్నెండో శతాబ్దంలో ఇంకా నిలబడే ఉందని దీనివల్లే తెలుస్తుంది. శ్రీలంకలోని గడలాదెణియ శాసనం ఇంకా ముందుకు పోతుంది. ధాన్యకటకంలో (అమరావతి పాత పేరు) ధర్మకీర్తి అనే భిక్షువు ఆలయాన్ని బాగుచేయించాడని 1344లో రాశారు.

భోజనం గుడి వీధిలోనే, ఒంటిగంటలోపు. పప్పు, గోంగూర, పెరుగు దొరుకుతాయి. రెండు దాటితే కూరలు అయిపోయి చారుతో సర్దుకోవాలి. గైడుకు, డ్రైవరుకు భోజనం ఎవరు పెట్టాలన్నది ఒప్పందంలో ఉండదు. పిలిచి కూర్చోబెట్టుకోవడం ఇక్కడి మర్యాద.

తర్వాత మ్యూజియం, ఆపైనే స్తూపం. ఈ వరుస తిరగబడితే మొత్తం పూట వృథా. నేరుగా స్తూపం దగ్గరికి వెళ్లినవాళ్లు "ఇంతేనా?" అంటూ పది నిమిషాల్లో తిరిగి కారెక్కడం రోజూ జరిగేదే. కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియంలో టికెట్టు 5 రూపాయలు. ఫోనుతో ఫొటోల సంగతి కౌంటర్లోనే అడిగేయండి.

లోపల ముందు వెతకాల్సింది స్తూపాన్నే చెక్కిన పలక, లేదా ఆవరణలోని నమూనా. దాన్ని కింది నుంచి పైకి చదవాలి. అన్నిటికంటే కింద చుట్టూ కంచె, దానికి దిక్కుకొకటిగా నాలుగు వాకిళ్లు, వాకిలి పక్కన సింహాలు. లోపల గుండ్రటి వేదిక. ప్రతి వాకిలికీ ఎదురుగా ఆ వేదిక కొంచెం ముందుకు పొడుచుకొస్తుంది, దాని మీద ఐదు సన్నటి స్తంభాలు వరసగా నిలుస్తాయి. అవే ఆయకాలు. పుట్టుక, ఇల్లు విడవడం, బోధి, మొదటి ఉపదేశం, నిర్వాణం, ఐదింటికీ ఐదు. పైన అండం, అంటే గుమ్మటం, చుట్టూ పూలదండలు మోసే బొమ్మలు. ఈ క్రమం ఒకసారి కళ్లలో పడితే మ్యూజియంలో ముక్కలై పడున్న ప్రతి రాయీ ఎక్కడిదో మీరే చెప్పగలరు. వంపు తిరిగిన దిమ్మె కంచెదా, నిలువు పలక వేదికదా అన్న ఊహ అందుతుంది.

రెండో పాఠం: బుద్ధుడు లేని చోట బుద్ధుణ్ని చూడటం. పాత పలకల్లో ఆయన రూపం ఉండదు. ఖాళీ ఆసనం, పాదాల జత, చెట్టు, చక్రం, అంతే. చుట్టూ ఉన్నవాళ్లు ఆ ఖాళీకి దండం పెడుతుంటారు. తర్వాతి తరం పలకల్లో మనిషి రూపం వస్తుంది. లండన్‌లో ఉన్న ఒక పలకకు రెండు వైపులా చెక్కడం ఉంది. ఒకవైపు పాత రోజుల ఖాళీ ఆసనం, బోధివృక్షం. మూడో శతాబ్దంలో దాన్నే తిప్పి రెండో వైపు స్తూపం చెక్కారు. రాయి అంటే అప్పట్లోనూ ఖరీదే. అది పల్నాడు సున్నపురాయి. పాలరాయి అని బోర్డుల్లో రాసినా, ఎలియట్ మార్బుల్స్ అని ఇంగ్లీషువాళ్లు పేరు పెట్టినా పాలరాయి కానే కాదు. చేతితో తాకితే జిడ్డు పట్టి నల్లబడుతుంది, అందుకే తాకనివ్వరు. పూర్ణఘటం చెక్కిన పలకనూ చూడండి. రాష్ట్ర ప్రభుత్వ చిహ్నానికి మూలం అదే. కొన్ని నమూనాలు అచ్చుపోసినవి. ఏది అసలు, ఏది అచ్చు అని గైడును అడగండి. బుద్ధుడు నలగిరి అనే మదపుటేనుగును లొంగదీసే ప్రసిద్ధ శిల్పం అసలుది చెన్నైలో ఉంది.

మూడింటికి స్తూపం. పచ్చిక, మధ్యలో తక్కువ ఎత్తు దిబ్బ, చుట్టూ కొన్ని నిలువు రాళ్లు. కంచె అడ్డకొలత ఒకప్పుడు సుమారు 59 మీటర్లు. పలకలన్నీ ఎటు పోయాయన్నదే ఇక్కడి కథ. చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1790ల్లో రాజధానిని ఇక్కడికి మార్చి ఊరు కట్టడం మొదలుపెట్టాడు, రాయి కోసం దిబ్బను తవ్వారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. 1816లో కొలతలకు తిరిగి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. 1845లో ఇంగ్లీషు అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరి, వాటిలో కొన్ని 1859లో లండన్ వెళ్లాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో 120 దాకా ముక్కలున్నాయి. అందుకే ఇక్కడ గైడు కావాలి: చుట్టూ ఒకసారి నడుస్తూ, ఏ దిక్కున ఏది ఉండేదో, అది ఇప్పుడు ఎక్కడుందో చెప్పించుకోవాలి. ప్రదక్షిణగా నడవండి, మొత్తం అరగంట. నాలుగున్నరకు కదిలితే తుళ్లూరు దారిలో చీకటి పడకముందే బ్యారేజీ చేరుకోవచ్చు. ధ్యానబుద్ధుడి 125 అడుగుల విగ్రహం దారిలోనే కనిపిస్తుంది, పదిహేను నిమిషాలు చాలు.

రెండో రోజు, బుధవారం: కొండపల్లి, ఊళ్లో గుహలు

ఈ రోజు తేలిక. గైడు లేకుండా, 8 గంటలు 80 కిలోమీటర్ల ప్యాకేజీలో హాయిగా సరిపోతుంది. ఇబ్రహీంపట్నం దగ్గర లారీల వల్ల ఉదయం తొమ్మిది తర్వాత నిలిచిపోతారు కాబట్టి ఏడున్నరకే బయల్దేరి, దారిలో ఇడ్లీ తిని, కొండపల్లి చేరాలి. కోట పైదాకా ఘాట్ రోడ్డు ఉంది. ఎక్కేటప్పుడు డ్రైవరు ఏసీ ఆపేస్తే గొడవ పడకండి, నిండా మనుషులున్న చిన్న ఇంజనుకు అది మామూలే.

పద్నాలుగో శతాబ్దంలో కొండవీటి రెడ్డి రాజులు కట్టిన కోట. తర్వాత గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు, చివరకు ఇంగ్లీషువాళ్లు. దర్గా దర్వాజా, మూడంతస్తుల బురుజు, తానీషా మహల్, గజశాల చూడాలి. మరమ్మతుల్లో కొత్త సున్నం పూత పడిన గోడ ఒకటి, పాత రాయి ఒకటి పక్కపక్కన ఉంటాయి. ఏది పాతదో మీ కన్నే చెబుతుంది. గోడ చివరికి వెళ్తే కింద థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, వాటి వెనక కృష్ణ. రెండు గంటలు చాలు. ఎండుటాకుల మీద కాలు జారుతుంది, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. పైన నీళ్లు దొరుకుతాయన్న భరోసా పెట్టుకోకండి, మనిషికి రెండు లీటర్లు.

దిగాక బొమ్మల కాలనీ. కోట కంటే ఇక్కడే ఎక్కువసేపు గడపొచ్చు, ఎందుకంటే పని కళ్ల ముందు జరుగుతుంది. కర్ర తెల్లపొణికి, ఈ కొండల్లోదే, ఆశ్చర్యపోయేంత తేలిక. ముందు సెగకు పెట్టి తడి పోగొడతారు. బొమ్మను ఒకే దుంగలో చెక్కరు, చేతులు, తొండం, అంబారీ వేర్వేరుగా చెక్కి అతుకుతారు. అతికే జిగురు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. దాన్ని మక్కు అంటారు. అతుకు మీద అదే ముద్దతో నున్న చేసి, సున్నం పూసి, ఆపైన రంగు. కొనేటప్పుడు చేతిలో పట్టుకుని చూడండి. బరువుగా ఉంటే కర్ర వేరేది. అతుకు దగ్గర గోరుతో తట్టండి, బోలుగా మోగితే మక్కు సరిగా నిండలేదన్న మాట, ఊరు చేరేలోపు చెయ్యి ఊడుతుంది. అంబారీ ఏనుగును డిక్కీలో పడుకోబెట్టకండి, పాత చీరముక్క చుట్టి ఒళ్లో పెట్టుకోవాల్సిందే. తడి గుడ్డతో తుడిస్తే రంగు లేస్తుంది.

మధ్యాహ్నం ఊళ్లోకి. బందరు రోడ్డులోని బాపు మ్యూజియం పాత విక్టోరియా జూబిలీ మ్యూజియమే, శంకుస్థాపన 1887లో. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చింది ఇక్కడే. అల్లూరు నుంచి తెచ్చిన బుద్ధ విగ్రహాన్ని నిన్నటి పలకలతో పోల్చుకోవచ్చు. మొగల్రాజపురం గుహలు ఇళ్ల మధ్యలో ఇరుక్కుని ఉన్నాయి, అరగంట. ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహలకు పేరు గోల్కొండ తానీషా మంత్రులది, తొలిచిన కాలం వాళ్ల కంటే వెయ్యేళ్లకు దగ్గరగా ముందుది. సందుల్లోకి కారు పోనివ్వకండి, రోడ్డు మీద దిగి నడవండి.

కోటలంటే మోజు ఉన్నవాళ్లు ఊళ్లోని గుహలు వదిలేసి, ఈ రోజు గుంటూరు వైపు కొండవీడు పెట్టుకోవచ్చు. 1515లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలిచిన కోట, శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న రాజధాని. పైన మూడు చెరువులున్నాయి, పైదాకా ఘాట్ రోడ్డు ఉంది. రెండు కోటలూ ఒకే రోజు అనుకుంటే మాత్రం రోడ్డు తప్ప ఏదీ చూడలేరు.

మూడో రోజు, గురువారం: చేబ్రోలు, భట్టిప్రోలు, ఘంటసాల

టూరిస్టు బస్సులు రాని దారి ఇది. మొత్తం 200 నుంచి 220 కిలోమీటర్లు, ఎక్కడా మంచి హోటలు ఉంటుందన్న నమ్మకం లేదు. ఉదయం ఏడింటికి బయల్దేరి, కాజ టోల్‌గేటు దాటి, పెదకాకాని దగ్గర నారాకోడూరు వైపు తిరిగితే చేబ్రోలు. చెరువు మధ్యలో చతుర్ముఖ బ్రహ్మ ఆలయం. కట్టించింది ఎవరో కాదు, మొదటి రోజు అమరావతి దిబ్బను తవ్వించిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడే. ఒక చేత్తో పడగొట్టి ఒక చేత్తో కట్టిన మనిషి. భీమేశ్వరాలయం దగ్గర దొరికిన శాసనం శాతవాహన రాజు విజయుడిది, క్రీ.శ. 207 నాటిది. సప్తమాతృకల ఆరాధన గురించి ఇంతవరకు దొరికిన శాసనాల్లో అతి పాతది ఇదేనని పురావస్తు శాఖ 2019లో ప్రకటించింది. ఇక్కడ గంట చాలు.

తెనాలి, వేమూరు మీదుగా భట్టిప్రోలు. తెనాలి దాటితే దారంతా కాలువగట్లు, అరటి, పసుపు. బండి నలభై దాటి పోదు. ట్రాక్టరు ఎదురైతే రెండు చక్రాలు మట్టిలోకి దించాల్సిందే.

భట్టిప్రోలులో కనిపించేది ఇటుకల గుండ్రటి దిబ్బ. వెడల్పాటి, చదునైన ఇటుకలు. ఇప్పటి ఇటుక పక్కన పెట్టి పోల్చండి, గైడు సంచిలో ఒకటి తెచ్చుకుంటే పాఠం సగం అయిపోయినట్టే. 1892లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వినప్పుడు దిబ్బలోపల మూడు రాతి భరిణెలు దొరికాయి. ధాతువులు (పూజ్య అస్థికలు) ఉంచిన స్ఫటికపు భరిణె ఈ రాతి భరిణెల్లోనే ఉంది. మూతల మీద, అంచుల మీద రాత, అందులో కుబిరక రాజు పేరు. ఇక్కడ చాలామంది గైడ్లు "ఇదే మొదటి తెలుగు శాసనం" అంటారు. కాదు. భాష ప్రాకృతం. కానీ లిపి దగ్గర నిజంగానే ఆగాల్సిన విశేషం ఉంది. అశోకుడి కాలపు బ్రాహ్మీ లిపిలో "క" అని రాయడానికి హల్లు గుర్తు ఒక్కటే చాలు, అందులోనే "అ" ఉందని చదువుకుంటారు. భట్టిప్రోలులో అలా కాదు. ఉత్త గుర్తు పొల్లు హల్లు, "అ" పలకాలంటే దానికి ఒక గీత చేర్చాలి. మనం తలకట్టు పెట్టే పద్ధతిని గుర్తు చేసుకుంటే ఆ ఆలోచన వెంటనే అందుతుంది. నోట్‌బుక్కులో గైడుతో రాయించి చూడండి, భరిణెలు ఇక్కడ లేవన్న వెలితి కొంత తీరుతుంది. (తెలుగు మాట కోసమే వెతికేవాళ్లకు అమరావతి పలక మీద దొరికిన "నాగబు" ఉంది.)

నీడ లేదు. గొడుగు, టోపీ కారులోనే ఉండాలి. మధ్యాహ్నం భోజనం రేపల్లెలో కానిచ్చేయండి, అది దాటితే మళ్లీ అవనిగడ్డ దాకా ఏమీ ఉండదు. పెనుమూడి, పులిగడ్డ వంతెన మీద కృష్ణను దాటాలి. సముద్రం దగ్గరపడ్డ కృష్ణ ఇది, వేసవిలో ఇసుక తిన్నెలు, వరదకు ఒడ్డు తెలియదు. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు బ్యారేజీ నుంచి నీళ్లు వదిలారంటే లంకల దారులు మునుగుతాయి కాబట్టి బయల్దేరే రోజు ఉదయం ఆ వార్త చూసుకోవాలి.

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడిని దారిలో దాటుకుని, చల్లపల్లి మీదుగా ఘంటసాల. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన రేవుపట్నాల్లో కంటకస్సైల ఇదేనని చెబుతారు. ఊరు ఇప్పుడు సముద్రానికి దూరం. కృష్ణ తెచ్చిన ఒండ్రు తీరాన్ని ముందుకు నెట్టేసింది. స్తూపం ఆవరణ చిన్నది, గేటుకు తాళం ఉంటే కాపలా మనిషి దగ్గర్లోనే ఉంటాడు. "అన్నా, స్తూపం చూద్దామని వచ్చాం" అంటే తీస్తాడు. తొందరపెట్టకూడదు. ఇక్కడి స్తూపం లోపలి అమరిక తెలుసుకోదగ్గది. నడుమ చదరపు కట్టు, చుట్టూ గుండ్రటి గోడ, రెండింటినీ కలుపుతూ బండి చక్రపు ఆకుల్లా గోడలు. మధ్య ఖాళీల్లో మట్టి నింపారు. ఇటుక ఆదా అయింది, పైనున్న అండం బరువూ నిలిచింది. భట్టిప్రోలులో ఇటుక పరిమాణం చూసి వచ్చిన కన్నుకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. అందుకే ఈ రెండూ ఒకే రోజు పెట్టాలి.

సాయంత్రం నాలుగు లోపల అయితే శ్రీకాకుళం వైపు మళ్లండి. ఉత్తరాంధ్రలోది కాదు, ఘంటసాల మండలంలోనే కృష్ణ ఒడ్డున ఉన్నది. ఆంధ్ర మహావిష్ణువు గుడి. కృష్ణదేవరాయల కలలో స్వామి కనిపించి ఆముక్తమాల్యద తెలుగులో రాయమన్నది ఇక్కడేనని ఐతిహ్యం. నాలుగు దాటితే దాన్ని వదిలి కూచిపూడి, పామర్రు, ఉయ్యూరు మీదుగా బెజవాడ పట్టండి. చెరకు కాలంలో ఉయ్యూరు చుట్టుపక్కల బళ్లు, ట్రాక్టర్లు రోడ్డు నిండా ఉంటాయి, వెనక లైట్లు ఉండవు. చీకటి పడకముందే ఆ ముక్క దాటేయాలని డ్రైవరుకు పొద్దునే చెప్పి ఉంచాలి.

ఇంటి ముందు దిగగానే మీటరు ఫొటో తీయండి, పొద్దున తీసినదాని పక్కన పెట్టండి. తేడా 215 అనుకుందాం, ప్యాకేజీ కనీసం 250 అయితే కట్టేది 250కే. బత్తా ఒక రోజుది, కాజ టోలు ఒక వైపుది మాత్రమే, ఎందుకంటే తిరుగుదారిలో ఆ గేటు రాలేదు. ఫాస్టాగ్ మెసేజ్ డ్రైవరు ఫోనుకు వచ్చి ఉంటుంది, చూపించమంటే చూపిస్తాడు. రాత్రి పది దాటితే నైటు బత్తా. ఈ దారిలో ఏడున్నరకల్లా ఇల్లు చేరతారు కాబట్టి బిల్లులో ఆ గీత ఖాళీగానే ఉండాలి.